టికెట్టు మీద మొత్తం ప్రయాణ గంటలు రాయించండి

సంపాదకులకు నమస్కారాలు.

గత మే నెలలో మా అమ్మ గుంటూరు నుంచి డాలస్‌లో ఉన్న తమ్ముడి దగ్గరకు వెళ్లింది. ఆమెకు డెబ్బై ఒక్క ఏళ్లు, షుగరు ఉంది. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు విమానం. గల్ఫ్‌లో మారి, అదే తేదీన సాయంత్రం 4 గంటలకు డాలస్‌లో దిగాలి. టికెట్టు మీద పెద్ద అక్షరాల్లో కనిపించినవి ఆ రెండు సమయాలే. నాలుగు నుంచి నాలుగు, పన్నెండు గంటలు అని లెక్కవేసుకుని అమ్మ కళ్లజోడు పెట్టెలో రెండు మాత్రలు వేసుకుంది. మిగతా మాత్రలన్నీ చీరల మధ్య పెట్టి పెద్ద పెట్టెలో సర్దింది. ఆ పెట్టె శంషాబాద్‌లో చేతులు మారాక మళ్లీ డాలస్‌లోనే కనిపించింది. టికెట్టు తీసిచ్చిన ఏజెంటు చెప్పలేదు. నేనూ అడగలేదు, ఆ తప్పు నాది కూడా.

మేలో డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఆ తేడా పదకొండున్నర. అంటే అమ్మ ప్రయాణం పన్నెండు కాదు, ఇరవై రెండున్నర గంటలు. ముందురోజు సాయంత్రం ఆరుకే గుంటూరులో కారెక్కింది. దిగాక ఇమిగ్రేషన్ వరుస, సామాను కోసం నిరీక్షణ. గడప దాటినప్పటి నుంచి తమ్ముడి ఇంట్లో కూర్చునేసరికి ముప్పై నాలుగు గంటలు దాటింది. తమ్ముడు చేయి పట్టుకునేటప్పటికి ఆమె వేళ్లు వణుకుతున్నాయట.

ఫోనులో దూరం వెతికి ధైర్యపడేవారూ ఉన్నారు. గన్నవరం, డాలస్ భూగోళానికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. గోళం మీద వాటి మధ్య దారం బిగించి లాగితే అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది, పొడవు సుమారు 14,500 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున పదహారు గంటల పైచిలుకు. లెక్క సరైనదే, కానీ ఆ దారిన మన గన్నవరం నుంచి ఏ విమానమూ ఎగరదు. గల్ఫ్ మీదుగా వెళితే చుట్టు. ఎత్తున పడమటి నుంచి వీచే బలమైన గాలుల వల్ల ఒకే దారిలో కూడా పోయే గంటలూ వచ్చే గంటలూ సమానంగా ఉండవు. భూమి తిరగడం వల్ల అని చాలామంది అనుకుంటారు గానీ, కారణం ఆ గాలులే.

గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. గుంటూరు నుంచి గంటన్నరలో చేరే విమానాశ్రయం అది. అయినా అమెరికా వెళ్లే పెద్దవాళ్లను మనం ఇంకా రాత్రిపూట హైదరాబాద్ రోడ్డు మీదే కూర్చోబెడుతున్నాం. అది తీరడానికి కాలం పడుతుంది. ఈలోగా డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది. టికెట్టు అమ్మే ప్రతి ఏజెంటూ ఇంటి నుంచి ఇంటికి మొత్తం ఎన్ని గంటలో తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వాలి. చేతిసంచిలో కనీసం మూడు రోజుల మాత్రలు, డాక్టరు చీటీ ఉంచుకోమని ఆ కాగితం మీదే ఉండాలి. కొత్త విమాన సర్వీసుల వార్త వేసినప్పుడల్లా మీ పత్రిక కూడా గాలిలో గడిచే గంటలతో పాటు మొత్తం గంటలు ఇవ్వాలని కోరుతున్నాను. వచ్చే నెలలో మా పిన్ని బయలుదేరుతోంది. ఆమె కాగితం నేనే రాస్తున్నాను.

— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు