చేపల చెరువైనా కట్టకు కాపలా కావాలి

సంపాదకుడు గారికి,

హైదరాబాదు చుట్టుపక్కల ఆయకట్టు పోయి, ఇప్పుడు చేపలకు, పక్షులకు మాత్రమే ఆధారంగా మిగిలిన చిన్న చెరువుల మట్టికట్టల గురించి రాస్తున్నాను. సుందరీకరణ పేరిట వాటిమీద నడకదారులు, దీపాలు వస్తున్నాయి, సంతోషమే. నీళ్లు వదిలే తూము పనిచేస్తోందా, నిండాక ఎక్కువైన నీరు పొర్లిపోయే మత్తడికి అడ్డేమీ లేదా అని మాత్రం అడిగేవారు కనబడరు.

ఆనకట్టను 'తక్కువ ప్రమాదం' కోవలో చేర్చేటప్పుడు చూసేది కట్ట బలాన్ని కాదు, అది తెగితే దిగువన ఏం పోతుందన్నది. కింద పొలాలే ఉన్న రోజుల్లో మన చెరువులకు ఆ కోవ సరిపోయేది. ఆ పొలాల్లో కాలనీలు లేచాక కూడా అదే ధీమాతో ఉన్నాం. 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్ల ఎత్తుకు మించినవాటికి, కొన్ని షరతులకు లోబడి 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటికి వర్తిస్తుంది. అంతకన్నా పొట్టి కట్టలు దాని పరిధిలోకే రావు.

కట్టకు చేటు చేసేవి పైకి చిన్నగానే కనిపిస్తాయి. చేపపిల్లలు వదిలాక అవి వరదలో కొట్టుకుపోకుండా మత్తడికి అడ్డంగా వలలు, ఇనుప జాలీలు కడతారు. ఏడాది జీవనం ఒక్క రాత్రిలో పోతుందన్న మత్స్యకారుల భయం న్యాయమైనదే. అయితే గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు ఆ జాలీకి పట్టుకున్నాయంటే మత్తడి దుంకాల్సిన నీరు కట్ట మీదుగా పొర్లుతుంది; మట్టికట్ట దానికి ఎంతోసేపు ఆగదు. జాలీని మత్తడి నోటికి కాకుండా, కాస్త ఎగువన వెడల్పైన చోట నిలువు చువ్వలతో పెట్టి, వానాకాలమంతా చెత్త తీయిస్తే చేపలూ నిలుస్తాయి, నీటికి దారీ ఉంటుంది. కట్టమీద పెరిగే సర్కారు తుమ్మ కూడా అంతే: నరికి వదిలేస్తే లోపల వేరు కుళ్లి నీటికి దారి అవుతుంది. పక్షులకు చెట్లు కావాలంటే ఒడ్డున, చెరువు మధ్య దిబ్బలమీద పెంచవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం తూము. సేద్యం ఉన్నన్నాళ్లూ నీరటి, అంటే పొలాలకు నీళ్లు వదిలే ఊరి పనివాడు, తూము తీసేవాడు. వేసవికి నీరు దిగి కట్ట లోపలి వాలు బయటపడితే, జారిన రాళ్లు, ఎండ్రకాయల బొరియలు కంటికి కనిపించేవి. ఇప్పుడు ఏడాది పొడవునా మురుగు వచ్చి చేరడంతో, వాన పడేనాటికే చెరువు నిండి ఉంటోంది. వరదకు చోటు లేదు, కట్టను పరీక్షించే వీలూ లేదు. పోనీ పక్షులకైనా మేలా అంటే, ఉల్లంకి పిట్టలు, కొంగలు మేత వెతికేది లోతు నీటిలో కాదు, అంచున పలచటి నీటిలో, బయటపడిన బురదలో. చేపలకు సరిపడా మడుగు మిగిల్చి, మే నెలాఖరుకు నీటిమట్టం దించడం కట్టకు, చేపలకు, పక్షులకు మూడింటికీ పనికొచ్చే ఏర్పాటు.

2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు మొదలుకొని, ఇటువంటి ప్రతి కట్టకూ నేటి దిగువ ఇళ్లను లెక్కలోకి తీసుకుని ప్రమాద స్థాయిని మళ్లీ నిర్ణయించాలి. నీటిపారుదల, మత్స్య, పురపాలక శాఖలు ఒకరిమీద ఒకరు చెప్పుకోకుండా, తూము తాళం ఎవరి దగ్గర ఉందో, మత్తడి బాధ్యత ఏ అధికారిదో, ఆయన ఫోన్ నంబరుతో సహా కట్టమీద బోర్డు రాయించాలని, అదీ వచ్చే వానాకాలం లోపే జరగాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాదు