అమ్మాయికి, మిక్సరు విషయమై

తెనాలి,
ఆదివారం

చిరంజీవి సౌభాగ్యవతి సుధకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మూడు వారాలుగా నీ దగ్గర నుంచి ఫోను లేదు. మొన్న రాత్రి మాత్రం ఒక వాడిన మిక్సరు ఫోటో, దాని కింద ‘నాన్నా, ఇది కొనవచ్చా?’ అన్న ఒక్క ముక్క వచ్చాయి. కనుక అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతాను. ఫోనులో అయితే సగం విని ‘సరే సరే’ అంటావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

అది కిచెన్‌ఎయిడ్ వారి, కేకులకూ రొట్టెలకూ పిండి కలిపే మిక్సరు, తల పైకి లేచే రకం, ఐదు క్వార్టుల గిన్నెది, అంటే సుమారు 4.7 లీటర్లు. అమెరికా నుంచి తిరిగి వచ్చినవాళ్ళు అమ్ముతున్నారు కనుక ముందుగా దాన్ని పక్కకు వంచి, అడుగున అతికించిన చీటీ చదువు. అక్కడిదైతే 120 వోల్టులని ఉంటుంది. మన గోడలోంచి వచ్చేది 230. వాళ్ళు ఇచ్చే అడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప ఒక్క వోల్టు కూడా తగ్గించదు, ఆ సంగతి తెలియక నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. వోల్టులు తగ్గించే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. యంత్రం 325 వాట్లదే అయినా పిండి గట్టిపడేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక ట్రాన్స్‌ఫార్మరు 750 వాట్లకు తగ్గకూడదు. ఆ ఖర్చు కూడా కలుపుకుని బేరమాడు.

తొమ్మిది కప్పుల మైదా పట్టే గిన్నె ఇద్దరున్న ఇంటికి దేనికని మీ అమ్మ అడిగింది. నేను అడగలేదు. బాపట్ల పెళ్ళిలో ఎవరో అన్నారని సుబ్బులు పిన్ని నీ ఆఫీసు గురించి ఏదో చెప్పింది కానీ, పెళ్ళిపందిట్లో విన్న మాటలు మోసే అలవాటు నాకు లేదు.

వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కిలో మైదా వెంట తీసుకువెళ్ళు. నవ్వకు. 1989లో గుంటూరులో బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర నేను పాత గ్రైండరు కొన్నాను. ఆయన అందులో చెంబెడు నీళ్ళు పోసి స్విచ్చి వేస్తే రాయి మహా సొంపుగా తిరిగింది. దాన్ని రైల్లో బ్రేకు వ్యానులో వేయించి, స్టేషను నుంచి రిక్షాలో ఎక్కించి, నేను పక్కన నడుచుకుంటూ ఇంటికి తెచ్చాను. సంక్రాంతి ముందురోజు కావడంతో మీ నాయనమ్మ రెండు కిలోల మినపప్పు నానబోసింది. పది నిమిషాలు తిరగకుండానే బెల్టు జారడం మొదలైంది, తర్వాత వార్నిషు కాలిన వాసన, ఆ తర్వాత ఏమీ లేదు. మీ నాయనమ్మ ఒక్క మాట కూడా అనకుండా పప్పు ఎత్తుకుని పెరట్లో రుబ్బురోలు దగ్గర కూర్చుంది. రాత్రి పదకొండింటి దాకా పొత్రం చప్పుడు వింటూ నేను పడుకున్నట్టు నటించాను. మోటారు విప్పిన మనిషి, దీన్ని ఇంతకుముందే రెండుసార్లు సన్నతీగతో చుట్టారని చెప్పాడు. నేను ఎంతకు కొన్నానో ఇంట్లో ఏడాది దాకా దాచాను. ఆవిడకు మొదటి రోజునే తెలుసట. దాచినందుకే బాధపడిందని మీ అత్తయ్య చెప్పేదాకా నాకు తెలియదు.

కనుక మోటారు ఒట్టిగా తిరగడం చూసి మురిసిపోవద్దు. పిండి కలిపి, ముద్దను పిసికే హుక్కు తగిలించి, రెండో నంబరు మీద ఐదారు నిమిషాలు తిప్పించు. పిండి ముద్దకు అంతకు మించిన వేగం పనికిరాదు. తల ఊగితే కీలు దగ్గర సీల వదులైందని అర్థం. మోటారు మోగుతున్నా గిన్నెలో కలిపే బీటరు తిరగకపోతే గేరు పోయి ఉండవచ్చు. లోపల ఒక గేరును కావాలనే బలహీనంగా పెడతారు, బరువు మించితే అది విరిగి మోటారును కాపాడుతుంది. దాన్ని మార్చుకోవచ్చు. గిన్నెలోకి నూనె చుక్కలు పడితే చాలాకాలం వాడకుండా ఉంచారన్నమాట. గ్రీజు మార్పిస్తే సరిపోతుంది, కానీ ధర తగ్గించమని అడుగు.

ఉపకరణాల సంగతి. ముందున్న రంధ్రంలో బిగించే సేమ్యా మర, కైమా మర వంటివి కిచెన్‌ఎయిడ్ వారి ఇలాంటి మిక్సర్లన్నిటికీ సరిపోతాయి. గిన్నె, బీటరు, హుక్కు మాత్రం మోడలును బట్టి మారతాయి కనుక, వేరొకరి దగ్గర చవకగా దొరికాయని విడివిడిగా కొనవద్దు. తెల్లపూత బీటరు అంచున పెచ్చులూడితే ఆ ముక్కలు కేకులో పడతాయి. పూత లేని అల్యూమినియందైతే వేలితో రుద్ది చూడు, డిష్‌వాషరులో వేసి ఉంటే నల్లగా అంటుతుంది. సేమ్యా మర ఇస్తామన్నా వద్దను. మీ ఇంట్లో సేమ్యా తినేది బుజ్జిగాడు ఒక్కడే, వాడూ సెలవులకే వస్తాడు.

తిరుగుతుండగా గిన్నెలో చెయ్యి పెట్టవద్దు. చున్నీ నడుముకు దోపుకో, జుట్టు ముడి వేసుకో. కేకులు ఇంటికే అయితే పరవాలేదు. అమ్మకానికి రోజుకు పది గిన్నెలు కలిపితే మాత్రం అది తట్టుకోదు, ఇంటి వాడకానికి చేసిన యంత్రం అది. అలా అమ్మే ఉద్దేశమే ఉంటే ముందుగా చెప్పు. తప్పని నేననను. లెక్క వేసుకుని ఇంకా పెద్దది చూద్దామని మాత్రమే అంటాను.

నేను వచ్చి చూసేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దు. మన వర్క్‌షాపులో 1 కేవీఏది, అంటే సుమారు వెయ్యి వాట్లు తట్టుకునే ట్రాన్స్‌ఫార్మరు ఖాళీగానే ఉంది, దాన్నీ మీటరునూ తీసుకుని నేనే వస్తాను. మీ అమ్మ జంతికలు వేస్తోంది. పగటిపూట ఇంట్లో ఉంటావో ఉండవో ఒక ముక్క రాయి. ఆఫీసుకు వెళ్ళే రోజులైతే సాయంత్రానికి చేరే బండికి వస్తాను, లేకపోతే పొద్దున్నే దిగేటట్టు బయలుదేరతాను.

ఇట్లు,
నాన్న