వృద్ధాశ్రమాలకు దుప్పట్లు చాలినన్ని చేరాయి, ఇక మనుషులు వెళ్లాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలతో,

డిసెంబరు వచ్చిందంటే మన జిల్లా పేజీల్లో ఒకే రకం ఫొటోలు కనిపిస్తాయి. వృద్ధాశ్రమం వరండాలో పెద్దవాళ్లను వరుసగా కూర్చోబెట్టి, చర్చి సంఘాల యువతీయువకులు వెనక నిలబడి, చేతికి ఒక దుప్పటి, ఒక కేకు పొట్లం అందిస్తూ తీయించుకున్న ఫొటోలవి. కర్నూలులోని ఒక సంఘంలో ఇరవై ఏళ్లుగా సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని గనుక వాటిలో చాలాసార్లు నేనూ ఉన్నాను. ఆ పంపిణీని తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. అది అక్కడితోనే ఆగిపోతున్నందుకు బాధపడి రాస్తున్నాను.

మూడేళ్ల కిందట, క్రిస్మస్‌కు ముందుగా జరుపుకొనే సెమీ క్రిస్మస్ కార్యక్రమానికి ఊరి చివర ఉన్న ఒక ఆశ్రమానికి వెళ్లినప్పుడు, ఒక అవ్వ మంచం కింది రేకు పెట్టెను బయటికి లాగి మడత విప్పని దుప్పట్లు నాలుగు చూపించింది. ఒకదానికి ధర చీటీ కూడా అలాగే ఉంది. "కప్పుకునేదానికి ఒకటి చాలు నాయనా, పోయినేడు పాట పాడిన పిల్ల ఈసారి రాలేదేమి?" అని మా కుర్రవాడిని అడిగింది. ఆ పిల్ల ఎవరో మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. అవ్వ మాత్రం ఏడాది పొడవునా గుర్తు పెట్టుకుంది.

తిరిగొచ్చాక పాస్టరుగారితో, సంఘ పెద్దలతో మాట్లాడి, యౌవనస్థుల కూడిక నుంచి పన్నెండు మందిని తీసుకొని, ఒక్కొక్కరిని ఆశ్రమంలోని ఒక్కొక్క పెద్దమనిషికి జత చేశాం. ఆదివారం ఆరాధన ముగిసి, భోజనాలయ్యాక, ఎండ చల్లబడ్డ వేళ వెళ్లి గంటసేపు కూర్చొని రావాలన్నది ఒక్కటే నియమం. మొదటి నెలలో ఏం మాట్లాడాలో తెలియక పిల్లలు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్న మాట నిజం. ముగ్గురు మానేశారు కూడా.

నిలిచినవారిలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి ఆ రేకు పెట్టె అవ్వ దగ్గరికే వెళుతోంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిందని ఆ అమ్మాయి పుస్తకంలో చదువుకుంది. భవనాలు చాలక కార్యాలయాలను డేరాల్లో నడిపిన ఆ రోజుల్లో తన నాయన అక్కడికి కావడితో నీళ్లు మోసేవాడని, పదేళ్ల పిల్లగా తాను వెంటబడి పోయి డేరా తాడు తట్టుకొని పడితే తగిలిన దెబ్బ ఇదేనని అవ్వ మోకాలి మచ్చ చూపించింది. 2009 అక్టోబరులో వరద వచ్చి ఊరు మునిగినప్పుడు ఈ అమ్మాయికి ఊహ తెలియదు. ఆ రోజుల గురించి అవ్వ నోట విన్న తరువాతే, తమ ఇంటి గోడ మీద రంగు వేసినా పోని గీత ఏమిటో ఆమెకు అర్థమైంది.

పింఛను తీసుకునే విశ్రాంత ఉద్యోగులు తాము జీవించి ఉన్నట్టు ఏటా రుజువు చూపించాలి. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువపత్రం వచ్చినప్పటి నుంచి ఆ పని వేలిముద్రతో అయిపోతోంది గానీ, వయసుతో అరిగిన వేళ్లను యంత్రం గుర్తించక పెద్దవాళ్లు పడే అవస్థ చూసినవారికే తెలుస్తుంది. ఫోన్లో ముఖం చూపించి కూడా ఆ పని పూర్తి చేయవచ్చని మా కుర్రవాడొకడు తెలుసుకొని, ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి పది నిమిషాల్లో పూర్తి చేశాడు. చూపు మందగించిన ఆ మాస్టారు ఇప్పుడు వాడి చేత వారం వారం మీ సంపాదకీయాన్ని పైకి చదివించుకుంటూ, ఒత్తులు సరిగా పలకని చోట ఆపి మళ్లీ చదివిస్తున్నారు.

ఆశ్రమంలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసే ఉంటారు. చర్చి నుంచి వస్తున్నామంటే మతం మాట తెస్తామేమోనని నిర్వాహకులు మొదట సందేహించారు, అది సహజమే. ప్రార్థన చేయమని అడిగినవారితో చేస్తామని, అడగనివారి దగ్గర ఆ ప్రస్తావనే తేబోమని పాస్టరుగారు వారికి మాటిచ్చారు. ఆ మాట తప్పితే ఈ స్నేహానికి అర్థం లేదని నా గట్టి నమ్మకం. రంజాను నెలలో ఒక తాతకు ఇఫ్తారు వేళకు ఖర్జూరాలు తీసుకెళ్లింది మా సంఘం పిల్లవాడే.

మా వల్ల పొరపాట్లూ జరిగాయి. పరీక్షలని ముందుగా చెప్పకుండా ఒక అమ్మాయి నెలరోజులు వెళ్లకపోతే, తన మాట ఏదో ఆ పిల్లను నొప్పించిందని ఒక పెద్దావిడ కుమిలిపోయింది. పోయిన ఏడాది ఒక తాత కన్నుమూసినప్పుడు, ఆయనతో జతపడిన ఇరవై ఏళ్ల కుర్రవాడు పది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. దగ్గరి మనిషి మరణాన్ని వాడు చూడటం అదే మొదటిసారి. అలాంటి రోజున వాడి పక్కన ఎవరు ఉండాలో మేము ముందుగా ఆలోచించి ఉండవలసింది.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడి, పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు మన ఊళ్లో వీధికి రెండు మూడు కనిపిస్తున్నాయి. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమం ఒకటైనా నెలకొల్పవచ్చునని, వాటిలో వైద్యానికీ వినోదానికీ ప్రమాణాలు నిర్దేశించవచ్చునని తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే చెప్పింది. పక్కన కూర్చొని మాట్లాడే మనిషిని మాత్రం ఏ చట్టమూ పంపలేదు. ఆ మనిషి వచ్చినప్పుడు తలుపు తీసి ఉంచే ఏర్పాటు ప్రభుత్వం చేయగలదు. మేము అడిగిన మరో ఆశ్రమం వారు పండుగ రోజుల్లో తప్ప బయటివారిని రానివ్వమని చెప్పి పంపేశారు. వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారులు ప్రతి ఆశ్రమానికీ వారంలో సందర్శన వేళలు ఖరారు చేసి, వచ్చేవారి వివరాలు నమోదు చేయించి, పెద్దవాళ్లు ఒప్పుకోనిదే ఫొటో తీయరాదని గోడ మీద రాయించాలని కోరుతున్నాను.

తమరికి కూడా ఒక విన్నపం. ఈ డిసెంబరులో దుప్పట్ల పంపిణీ ఫొటో వేసిన చోటే, ఆ ఆశ్రమానికి జనవరిలో ఎవరు వెళ్లారో కనుక్కొని రెండు వాక్యాలు రాయించండి. ఇక జిల్లాలోని సంఘాల పాస్టర్లకు, యౌవనస్థుల నాయకులకు నా మనవి ఏమిటంటే, సెమీ క్రిస్మస్ తేదీ అడగడానికి ఆశ్రమానికి ఫోన్ చేసినప్పుడు, ఏడాదిగా ఒక్కరూ చూడటానికి రాని పెద్దవాళ్ల పేర్లు కూడా అడిగి రాసుకోండి. మొదటి ఆదివారం వారి దగ్గరికే వెళ్లండి.

ఇట్లు,
ఒక సండే స్కూలు ఉపాధ్యాయురాలు,
కర్నూలు.