విద్యార్థుల వివరాలకు బాధ్యులెవరు?

సంపాదకుల వారికి,

కళాశాల కార్యాలయంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన ఉద్యోగిగా, విశ్వవిద్యాలయాలు విద్యార్థుల సమాచారాన్ని నిర్వహిస్తున్న తీరు గురించి మీ పత్రిక ద్వారా కొన్ని విషయాలు విన్నవించుకుంటున్నాను.

ప్రవేశాల సమయంలో విద్యార్థి ఇచ్చే ఆధార్, కులం, కుటుంబ ఆదాయం, బ్యాంకు ఖాతా, తల్లిదండ్రుల ఫోన్ నంబరు వంటి వివరాలు పరీక్షల విభాగానికి, స్కాలర్‌షిప్ సెక్షన్‌కు, హాస్టల్‌కు, ప్లేస్‌మెంట్ సెల్‌కు వేర్వేరు ఎక్సెల్ షీట్లుగా చేరుతున్నాయి. వెనుకటి రోజుల్లో అడ్మిషన్ రిజిస్టర్ బీరువాలో ఉండేది, దాని తాళం ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలిసేది. ఇప్పుడు అదే సమాచారం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నా, అది బయటికి వచ్చినందుకు జవాబు చెప్పవలసిన అధికారి ఎవరో తెలియడం లేదు. స్కాలర్‌షిప్ రాని వారి జాబితాను ఖాతా నంబర్లతో సహా గ్రూపులో పెట్టడం విద్యార్థికి సాయం చేయడమని అనుకునే సిబ్బందిని నేను చూశాను. వారి ఉద్దేశం మంచిదే, కానీ ఆ వివరాలు మోసగాళ్ల చేతిలో పడితే నష్టపోయేది ఆ కుటుంబమే.

ఈ వివరాల్లో తప్పులుంటే కలిగే ఇబ్బంది ఇంతకన్నా పెద్దది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండి, బ్యాంకు పాసుపుస్తకంలో మరోలా ఉన్న పిల్లలు మన పల్లెల్లో కోకొల్లలు. ఒక సెక్షన్‌లో సరిచేసిన పేరు మరో సెక్షన్ జాబితాలో పాతదిగానే మిగిలిపోవడం వల్ల, కూలికి వెళ్లే తల్లిదండ్రులు పని మానుకుని, జిరాక్సులు పట్టుకుని కిటికీల చుట్టూ తిరగవలసి వస్తోంది. ప్రతి వివరానికి మూలమైన రికార్డు ఒక్కటే ఉండాలి, దాన్ని సరిదిద్దే అధికారం ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి, అక్కడ సరిచేస్తే అన్ని విభాగాల్లోనూ మారాలి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో తీర్పు చెప్పింది. పట్టాల మీద, ప్రొవిజినల్ సర్టిఫికెట్ల మీద పూర్తి ఆధార్ సంఖ్య ముద్రించరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023లో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అదే ఏడాది వచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడగా, సంస్థలపై ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో అమలులోకి వస్తాయి. సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థకు ఈ చట్టం కింద రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. 18 ఏళ్లు నిండని వారిని చట్టం పిల్లలుగానే చూస్తుంది కనుక, పదో తరగతి కాగానే పిల్లలు చేరే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ వంటి ప్రాంగణాల్లో ఈ విషయంపై మరింత శ్రద్ధ అవసరం.

చట్టం గడువు కోసం ఎదురుచూడకుండా ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం తమ పాలకమండళ్లలో చర్చించి ఒక సమాచార నిర్వహణ విధానాన్ని ఆమోదించాలని కోరుతున్నాను. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో, ఎవరు చూడవచ్చో, ఎంతకాలం ఉంచి ఎప్పుడు తొలగిస్తారో అందులో ఉండాలి. మార్కుల రికార్డు శాశ్వతంగా ఉండవలసిందే. చదువు పూర్తయి, స్కాలర్‌షిప్ లెక్కలు, ఆడిట్ ముగిశాక కూడా విద్యార్థి తండ్రి బ్యాంకు ఖాతా నకలు ఆఫీసు కంప్యూటర్లలో ఉండవలసిన పని లేదు. సెక్షన్లలో తాత్కాలిక పద్ధతిపై పనిచేసే డేటా ఎంట్రీ సిబ్బందికి శిక్షణ ఇవ్వకపోతే ఎంత మంచి విధానమైనా ఫైలులోనే ఉండిపోతుంది. వచ్చే ప్రవేశాల దరఖాస్తులోనే ఈ విధానాన్ని తెలుగులో, తల్లిదండ్రులు చదివి అర్థం చేసుకోగలిగేలా ముద్రించి, ఫిర్యాదు చేయవలసిన అధికారి హోదాను, ఫోన్ నంబరును దాని కిందనే ఇవ్వాలని విశ్వవిద్యాలయాల అధికారులకు నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
శ్రీకాకుళం