తొక్కు డబ్బా డిక్కీలో, మేం డేరాలో

అమ్మకు, నాయినకు,

మొన్న ఫోన్‌లో సగం సంగతి పిల్లలే చెప్పేశారు, మిగతా సగం వాళ్ల కొట్లాటలో పోయింది. "అడవిల పసిపిల్లలతోటి పండుకునుడేంది బిడ్డా" అని అమ్మ అన్నది. నాయిన ఊఁ కొట్టి ఊరుకున్నాడు. అందుకే కూర్చుని రాస్తున్నా.

మేం పోయింది ఇక్కడ వర్జీనియాలోనే ఉన్న షెనాండోవా నేషనల్ పార్క్‌కు. కొండల మీదుగా 105 మైళ్ల రోడ్డు ఉంటుంది. ఇంచుమించు సగం దారిలో బిగ్ మెడోస్ అనే చోట డేరా వేసుకోవడానికి జాగా ఇస్తారు. పైసలు కట్టి మరీ నేల మీద పడుకున్నారా అని నాయిన నవ్వుతాడు, నవ్వనీ. ఆ పైసలకు చదును నేల, ఒక బల్ల, మంట పెట్టుకునే చోటు, దగ్గర్లో నల్లా, బాత్రూములు వస్తాయి. నల్లమల అడవిలో సలేశ్వరం జాతరకు పోయినప్పుడు మనకు ఇవేవీ లేవు కదా! లింగమయ్యా అనుకుంటూ నడిచాం, బండ మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాం.

డేరాను ముందే ఇంట్లో హాల్లో వేసి పిల్లల్ని ఒక రాత్రి అందులో పడుకోబెట్టాం. చిన్నపిల్లలున్న వాళ్లెవరికైనా నేను చెప్పేది ఇదే. అక్కడికి పోయేసరికి అది వాళ్లకు తెలిసిన ఇల్లే అయిపోయింది.

ఇక అమ్మ భయం ఎలుగొడ్డు గురించి. ఉన్నాయి, దాచను. అయితే నల్లమలలో లాగ మనిషి ఎదురైతే మీదపడే రకం కాదు, ఇక్కడి నల్ల ఎలుగు మామూలుగా మనిషిని చూస్తే తప్పుకుంటుంది. వస్తే తిండి వాసనకే వస్తుంది. అందుకని రాత్రిపూట తినేవే కాదు, సబ్బు, టూత్‌పేస్ట్, చిన్నదాని పాలసీసా కూడా డేరాలో ఉండొద్దు, కారులో పెట్టి తాళం వేయాలి. అమ్మా, నువ్వు పంపిన మామిడి తొక్కు డబ్బా చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. మూత ఎంత బిగించినా ఇల్లంతా ఘుమఘుమలాడే తొక్కు అది, ఎలుగుకు తెలియదా? కవర్ల మీద కవర్లు చుట్టి డిక్కీలో పెట్టాం. మనిషి తిండి ఒకసారి రుచి మరిగితే ఎలుగు జనం మధ్యకే వస్తుందట, చివరికి దాన్ని చంపాల్సి వస్తుందట. రేంజర్ ఆ మాట చెప్పినప్పటి నుంచి పెద్దోడు కింద పడ్డ పల్లీలు ఒక్కటి వదలకుండా ఏరాడు. ఇంట్లో ఎన్నడూ ఏరిన పాపాన పోలేదు.

కట్టెలు కూడా ఇంటి నుంచి తీసుకుపోనివ్వరు. కట్టెల్లో దాక్కున్న పురుగు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పాకుతుందని. ఆసియా నుంచి వచ్చిన పచ్చ పురుగు ఒకటి ఇక్కడి యాష్ చెట్లను కోట్లలో ఎండబెట్టింది. అక్కడ అమ్మే కట్టెలే కొన్నాం.

రాత్రి పది దాటితే చప్పుడు చేయొద్దని రూలు. సరిగ్గా అప్పుడే చిన్నది రాగం అందుకుంది. మీ అల్లుడు దాన్ని భుజాన వేసుకుని నల్లా దాకా, కారు దాకా తిరిగాడు. ఎవరూ ఏమీ అనలేదు గానీ, పక్క డేరాలో ఇంకో పిల్ల లేచి జత కలిసింది. ఎండాకాలమే అయినా కొండ మీద చలి బాగా ఉంది. స్వెట్టర్లు, మంకీ క్యాప్‌లు అన్నీ పనికొచ్చాయి.

తెల్లారి మైదానంలో జింకలు మేస్తుంటే పిల్లలు రెండు నిమిషాలు చూసి మట్టి తవ్వుకోవడానికి పోయారు. నేను చూపించాలనుకున్నవి ఒకటీ వాళ్లకు పట్టలేదు.

ఒక్క గోడ మాత్రం పట్టింది. నడకదారి పక్కన చెట్ల మధ్య పాత రాతి గోడ, సగం కూలి ఉంది. ఎవరిదని పెద్దోడు అడిగాడు. 1935లో పార్క్ కాకముందు ఆ కొండల్లో జనం ఉండేవాళ్లు. పార్క్ కోసం వందల కుటుంబాలను ఖాళీ చేయించారు. వాళ్ల పొలం గట్లు, పొయ్యి గోడలు, సమాధులు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. మీ తాత ఊరు కూడా ఇట్లనే పోయిందిరా, 1981లో, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల కింద అని చెప్పాను. ఇక ప్రశ్నల మీద ప్రశ్నలు. ఇల్లు విడిచిన రాత్రి తాత ఎక్కడ పడుకున్నాడు? డేరాలోనా? ఎవరు వండి పెట్టారు? బర్రెలు ఏమయ్యాయి? నాకు ఒక్కటీ తెలియదు నాయినా. నువ్వు ఆ సంగతి వచ్చినప్పుడల్లా లేచి బయటికి పోయేవాడివి. ఆదివారం వాడే ఫోన్ చేస్తాడు, వాడికి చెప్పు. స్పీకర్ పెట్టమని నేను అంటాను, కాదనకు.

వచ్చే ఎండాకాలం మీరిద్దరూ వస్తే మళ్లీ పోదామని పిల్లలు ఇప్పటి నుంచే గొడవ. అక్కడ జాగా ఆరు నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు, శని ఆదివారాలైతే తొందరగా నిండిపోతాయి. అమ్మా, నీ మోకాళ్ల సంగతి డాక్టర్‌ను అడిగి దసరా లోపల చెప్పు. నేల మీద కష్టమంటే మడత మంచం కొంటాం, డేరాలో పడుతుంది, కొలిచి చూశాను.

మీ బిడ్డ