శారద సినిమాలను సొంత జిల్లాలో చూపించండి

సంపాదకుడి గారికి నమస్కారం.

నటీనటులు పోయాక విగ్రహాలు పెడతాం, సంతాప సభలు జరుపుతాం. వాళ్లు ఉండగా వాళ్లు చేసిన పనిని నలుగురికీ చూపించడం మాత్రం తక్కువ. ఊర్వశి శారద గారి విషయంలో అలా కాకూడదని ఈ ఉత్తరం.

ఆమె 1945లో తెనాలిలో పుట్టారు. అసలు పేరు సరస్వతీదేవి. నాటకాల్లో వేషాలు వేసి సినిమాల్లోకి వెళ్లారు. 1996 ఎన్నికల్లో తెనాలి నుంచే లోక్‌సభకూ గెలిచారు. జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఆమెకు మూడుసార్లు వచ్చింది. మొదటి రెండూ మలయాళ చిత్రాలకు: 'తులాభారం' (1968), 'స్వయంవరం' (1972). మూడోది మన తెలుగు సినిమా, బి.ఎస్. నారాయణ తీసిన 'నిమజ్జనం'. తెలుగువాళ్లుగా మనం గొప్పగా చెప్పుకోవలసిన ఆ సినిమాను ఇప్పటి కుర్రాళ్లలో ఎంతమంది చూసి ఉంటారు?

'తులాభారం'లో ఆకలికి అల్లాడే పిల్లలకు విషం పెట్టి, తాను మాత్రం బతికిపోయి కోర్టు బోనులో నిలబడే తల్లి పాత్ర ఆమెది. తమిళంలో, తెలుగులో ('మనుషులు మారాలి'), హిందీలో మళ్లీ తీసినప్పుడూ ఆ పాత్రకు ఆమెనే పెట్టుకున్నారు. ఒకే దుఃఖాన్ని నాలుగు భాషల ప్రేక్షకుల ముందు నిలబెట్టడం మాటలు కాదు. మలయాళ దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్ తీసిన 'ఎలిప్పత్తాయం'లో రాజమ్మగా ఆమెను చూడాలి. తోడబుట్టినవాడికి చాకిరీ చేస్తూ, నోరెత్తకుండా అరిగిపోయే మనిషి. పెద్ద డైలాగు అక్కర్లేదు, నడకలోనే అలసట తెలుస్తుంది. మనం మాత్రం ఆమెను ఎక్కువగా కన్నీళ్ల తల్లిగా, గంభీరమైన అత్తగారిగానే గుర్తుపెట్టుకున్నాం. అది ఆమెకు అన్యాయం అని నా అభిప్రాయం.

అందుకే ప్రభుత్వ సాంస్కృతిక శాఖకు నా విన్నపం. గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో, లేదంటే పక్కనే ఉన్న విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో వారం రోజులు ఆమె సినిమాలు వేయండి. మలయాళ చిత్రాలకు తెలుగు సబ్‌టైటిల్స్ తప్పకుండా ఉండాలి, లేకపోతే మా అమ్మ వయసువాళ్లు వచ్చి కూడా ప్రయోజనం ఉండదు. 'నిమజ్జనం'కు మంచి ప్రింటు సంపాదించండి. పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసే అమ్మాయిలకు, కాలేజీ పిల్లలకు టికెట్ పెట్టొద్దు. ఆరోగ్యం సహకరిస్తే శారద గారిని ఒక సాయంత్రం పిలిచి, నాటకాల రోజుల గురించి ఆమె చేత తీరిగ్గా చెప్పించి రికార్డు చేయండి. వచ్చే జూన్ 25 ఆమె పుట్టినరోజు. అప్పటికి ఏర్పాటు చేస్తే ఇంకా బాగుంటుంది.

— ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు