వెదురు మీద హక్కు గ్రామసభ చేతికివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏజెన్సీలో పోడు పట్టాలు ఇచ్చారనీ, ఇంకా ఇవ్వాల్సినవి మిగిలాయనీ మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా వదలకుండా చదువుతాను. నేను గిరిజనురాలిని కాను. మండపేటలో బుట్టలూ చాటలూ అల్లుకుని బతికే మేదరి కుటుంబం మాది. అయినా ఆ వార్త నాకెందుకంటే, మా వాకిట్లోకి వచ్చే బొంగు రంపచోడవరం, మారేడుమిల్లి, దేవీపట్నం కొండల్లోంచి దిగాల్సిందే. అక్కడి గిరిజనులైన కొండరెడ్లకి దాని మీద హక్కు లేకపోతే ఇక్కడ మా కత్తికి పని ఉండదు.

పట్టా అనగానే అందరికీ భూమే గుర్తొస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడుకి, కుటుంబానికి నాలుగు హెక్టార్లు మించకుండా హక్కు పత్రం ఇస్తారు. 2020లో గాంధీ జయంతి నాడు మొదలుపెట్టి మన రాష్ట్రంలో పెద్ద ఎత్తున పంచారు కూడా. మంచిదే, కాదనను. కానీ మా అమ్మాయి లా చదువుతూ ఆ చట్టం తెలుగు ప్రతి ఇంటికి తెచ్చింది. అందులో మూడో సెక్షన్ నాచేత చదివించింది. అడవిలో దొరికే చిన్నతరహా ఫలసాయం మీద యాజమాన్యం, ఏరుకుని, వాడుకుని, అమ్ముకునే హక్కు ఆ ఊరి వాళ్లదేనట. ఆ ఫలసాయం ఏమిటో చెప్పే చోట తేనె, మైనం, లక్క, బీడీ ఆకులతో పాటు వెదురు కూడా పేరు పెట్టి రాసి ఉంది. మరి పట్టా చేత్తో పట్టుకుని ఫోటో దిగిన కొండరెడ్డి తన ఊరి వెనక గుబురులో రెండు బొంగులు కొట్టి కిందికి దింపడానికి ఇంకా ఎందుకు భయపడుతున్నాడు?

మా పని గురించి నాలుగు మాటలు చెప్తే గానీ ఈ భయం వల్ల మాకేం పోయిందో తెలియదు. వెదురు కోసిన వారం పది రోజుల్లో చీల్చుకోవాలి. పచ్చి బొంగు మొదట్లో కత్తి ఆనించి పైన ఒక్క దెబ్బ వేస్తే, కణుపు తర్వాత కణుపు దానంతటదే విడుచుకుంటూ పోతుంది. పైపొర గట్టిది, అంచు కట్టడానికి. లోపలి పొర మెత్తనిది, అల్లికకి. అదే ఎండిపోయిందా, చీలిక సగంలో పక్కదారి పడుతుంది. నీళ్లలో నానేసినా మునుపటి సాగుడు రాదు, వంచితే విరుగుతుంది. ప్రభుత్వం కూపుల్లో, అంటే నరకడానికి గుర్తించిన అడవి ముక్కల్లో కొట్టించి, డిపోకి చేర్చి, నెలల తర్వాత వేలం వేసే వెదురు మా దాకా వచ్చేసరికి పందిళ్లకీ నిచ్చెనలకీ తప్ప దేనికీ పనికిరాదు. పైగా ఆ లాట్లు పాడుకునేది లారీలున్న వాళ్లు. మాలాంటి వాళ్లం ఆ పాటలో నిలబడగలమా?

వరికోత మిషన్లొచ్చాక కళ్లంలో చాటలకి గిరాకీ పోయింది, దానికి ఎవరినీ అనుకునేది లేదు. ప్లాస్టిక్ టబ్బులు ఇంకొంత తినేశాయి. అయినా పెళ్లికూతురిని మేనమామ ఎత్తుకొచ్చే బుట్ట, సారె బుట్టలు, కోళ్ల గంపలు, కడియపులంక పూల మార్కెట్‌కి బుట్టలు ఇప్పటికీ అడుగుతున్నారు. మాఘం, వైశాఖం వస్తే బేరం ఉంటుంది. లేనిది సరుకే.

మా నాన్న రోజుల్లో గోదావరిలో వెదురు తెప్పలు పాపికొండల మధ్య నుంచి రాజమండ్రి వరకు వచ్చేవని చెప్పేవారు. నేను పనిలోకి వచ్చేసరికి దేవీపట్నం వైపు నుంచి ఒక కొండరెడ్డి పెద్దాయన మాకు బొంగు తెచ్చేవాడు. బాబాయ్ అని పిలిచేదాన్ని. గుబురులో ఏది కొట్టాలో, ఏది ముట్టకూడదో ఆయన చెప్తుంటే వినాలి. ఆ ఏడు లేచిన కొమ్మును ముట్టడు. దాని పక్కన ఆనుకున్న పాత బొంగుల్లో కొన్ని వదిలేస్తాడు, లేకపోతే గాలికి కొత్తది ఒరిగిపోతుందంటాడు. నేలకి మొదటి కణుపు పైన కొడతాడు, ఇంకా ఎత్తున కొడితే మోడులో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుందని. వానాకాలంలో అసలు కత్తి పెట్టడు. వీళ్లకి వదిలేస్తే అడవి ఊడ్చేస్తారని ఆఫీసుల్లో కూర్చుని అనేవాళ్లు ఆయన వెంట ఒక్కపూట తిరిగితే బాగుండును. అటవీ శాఖ వాళ్లు రాసుకున్న నరుకుడు నియమాలు కూడా ఇంచుమించు ఇవేనని తర్వాత తెలిసింది.

ఒకసారి ఆయన, నేను ఆటోలో బొంగు వేసుకుని దిగుతుంటే ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. పర్మిట్ ఏదన్నారు. మా ఊరి అడవిలోదేనయ్యా, మా ఊరి వాళ్లు అనుమతిచ్చారని ఆయన చెప్తే నవ్వారు. పొద్దు గూకేదాకా నిలబెట్టి, సరుకు దింపించుకుని పంపేశారు. నిజానికి 2012లో ఆ అటవీ హక్కుల చట్టం నిబంధనలు సవరించారు. అటవీ ఫలసాయం రవాణాకి పర్మిట్ ఇవ్వాల్సింది గ్రామసభ వేసుకున్న కమిటీయే. దాని మీద రాయల్టీ గానీ ఫీజు గానీ వసూలు చేయకూడదు. ఈ సంగతి ఆపిన వాళ్లకీ తెలియదు, ఆగిన మాకూ తెలియదు.

కాగితం మీద ఉన్నది జరగదా అంటే, జరిగిన చోటు ఉంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండుల ఊరికి 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ వెళ్లి వెదురు రవాణా పాసు పుస్తకం గ్రామసభ చేతికిచ్చి వచ్చారు. అప్పటి నుంచి ఆ ఊరు తన వెదురు తానే అమ్ముకుంటోంది. ఆ ఊరి వాగుల నీళ్లు కూడా చివరికి మన గోదావరిలోకే వస్తాయి. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? మన దగ్గర ఊరంతటికీ కలిపి ఇచ్చే సామూహిక హక్కు పత్రాలు అసలే తక్కువ. ఇచ్చిన వాటిలోనూ చాలా చోట్ల గ్రామసభ పేరున కాకుండా, అటవీ శాఖ పెట్టించిన వన సంరక్షణ సమితుల పేరున రాశారు. అలా రాస్తే పాసు పుస్తకం ఎవరి సంతకంతో నడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

2017లో కేంద్రం వెదురుకి అటవీ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చిందని కొందరు అంటారు. అది అడవి బయట, సొంత భూమిలో పెంచుకున్న వెదురుకి. కడియం నర్సరీల వాళ్లకి ఉపయోగమేమో గానీ కొండ మీద వాళ్లకి కాదు. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి కదా, అక్కడ హక్కులేమిటంటారు ఇంకొందరు. 2006 చట్టం అభయారణ్యాలకీ, జాతీయ పార్కులకీ కూడా వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది.

ఇక పోలవరం. డెల్టా వాళ్లం ఆ మాటెత్తితే నీళ్ల గురించే మాట్లాడతాం, అది సహజం. మా మండపేట కాలువల కింద బతికే ఊరు, నీళ్లొద్దని నేనెలా అంటాను? కానీ నేను చెప్పిన బాబాయ్ ఊరు ముంపులో పోయింది. ఇప్పుడు గోకవరం వైపు కాలనీలో ఉంటున్నాడు. ఆ మధ్య చూడ్డానికి వెళ్లాను. సిమెంటు ఇల్లు, కుళాయి, కరెంటు ఉన్నాయి. చుట్టూ జీడిమామిడి తోటలు, అన్నీ పరాయివే. ఒక్క వెదురు గుబురు లేదు. కొడుకు రాజమండ్రిలో తాపీ పనికి పోతున్నాడు. ఇంటికి పరిహారం లెక్కేశారు, పట్టా ఉన్న పోడుకి లెక్కేశారు, అడవి మీద రాబడికి ఏం లెక్కేశారని అడిగాను. ఎవరూ అడగలేదమ్మా అన్నాడు. 2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబం అంటే ఎవరో చెప్పే చోట, అడవి మీద ఆధారపడి ఫలసాయం ఏరుకుని బతికేవాళ్లను కూడా చేర్చారు. ఇంకా కదలని ఊళ్లు మిగిలే ఉన్నాయి. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, వరరామచంద్రాపురం వైపు వాళ్లకైనా ఈ లెక్క ముందే వేయాలి.

అల్లూరి విగ్రహం మా ఊళ్లోనూ ఉంది, జయంతికి దండలు వేస్తాం. 1922లో మన్యం లేచింది పోడు మీద ఆంక్షలకీ, రోడ్ల పనిలో వెట్టికీ అని ఆ రోజు మైకులో చెప్తారు. దండ వేసే నాయకులే మర్నాడు ఈ ఫైలు కదిలిస్తే వందేళ్ల నాటి ఉపన్యాసాలతో పనుండదు.

మేం మేదర్లం అడవి మీద హక్కు అడగడం లేదు. అది మాది కాదు. హక్కున్న వాళ్ల దగ్గర రూపాయిచ్చి, రసీదు పుచ్చుకుని, పగటిపూట సరుకు తెచ్చుకోవాలనేదే మా కోరిక. మీ పత్రికకి మండలానికో విలేకరి ఉన్నారు. రంపచోడవరం, చింతూరు, బుట్టాయగూడెం వైపు ఏయే గ్రామసభల పేరున సామూహిక హక్కు పత్రం ఉందో, ఏ ఊరికి వెదురు పాసు పుస్తకం ఇచ్చారో ఊరి పేర్లతో సహా వేయించండి. పత్రం ఉన్న ఊరు ఒక్కటి దొరికినా చాలు, మండపేట నుంచి మేమే ఆటో కట్టించుకుని సంత రోజున అక్కడికి వెళ్తాం.

ఇట్లు,
ఒక మేదరి మహిళ,
మండపేట